జత కుదిరిన ఇంజిన్

మన్సూరాబాద్ చుట్టుపక్కల ఉండేవాళ్లకు ఇంజిన్ల గురించి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. ఒక పక్క ఆటోనగర్, దాన్ని ఆనుకుని విజయవాడ హైవే, ఇటు తిరిగితే నాగోల్ మీదుగా ఉప్పల్ వెళ్లే రింగ్ రోడ్డు. లారీ ఇంజిన్ దింపే చోటు, క్రాంక్ గ్రైండింగ్ చేసే చోటు, హెడ్ ఫేసింగ్ చేసే లేత్ షాపు, రేడియేటర్‌కు టాకా వేసే బండి, అన్నీ కూతవేటు దూరంలోనే దొరుకుతాయి. అందుకే ఈ ప్రాంతంలో పాత మారుతి 800నో, జెన్‌నో, ఎస్టీమ్‌నో కొనుక్కుని దాని ఇంజిన్‌ను మరింత చురుగ్గా తయారు చేసుకోవాలనుకునే కుర్రవాళ్లు చాలామంది. నాకు వాళ్లంటే ఇష్టం. చేతికి గ్రీజు అంటించుకుని ఒక యంత్రాన్ని లోపలికంటా అర్థం చేసుకోవాలనే కోరిక మంచి కోరిక. ఈ రోజు నేను మాట్లాడేది వాళ్ల కోసమే.

వాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే. "సార్, ఏ పార్ట్ వేస్తే పికప్ పెరుగుతుంది?" ఈ ప్రశ్నకు జవాబు లేదు. పవర్ ఏ ఒక్క పార్ట్‌లోనూ ఉండదు. క్యామ్, కంప్రెషన్, కార్బురేటర్ లేదా ఇంజెక్టర్లు, ఎగ్జాస్ట్ పైపు, గేర్లు, ఇవన్నీ ఒకే ఆర్‌పీఎం దగ్గర పని చేసేలా కుదిరితేనే పవర్ వస్తుంది. ఒక పార్ట్ రెండు వేల దగ్గర, మరొకటి ఆరు వేల దగ్గర బాగా పని చేసేవైతే రెండూ కలిసి ఎక్కడా సరిగ్గా పని చేయవు. బలమైన ఎద్దు పక్కన బక్క ఎద్దును కాడికి కడితే నాగలి చాలు తిన్నగా రాదు, అంతే సంగతి. కాబట్టి మొదట తేల్చుకోవాల్సింది పార్ట్ పేరు కాదు. మీ బండి రోజూ ఏ ఆర్‌పీఎంలో నడుస్తుందో తేల్చుకోవాలి.

అది తెలుసుకోవడం తేలిక. ఎల్.బి. నగర్ నుంచి మెట్రో పిల్లర్ల కింద బయలుదేరండి. విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్, మూసారాంబాగ్, మలక్‌పేట. సాయంత్రం ఆరు గంటలకు ఈ దారిలో రెండో గేర్, మూడో గేర్ తప్ప మరొకటి పడదు. 13 అంగుళాల చక్రాలున్న చిన్న కారులో రెండో గేర్‌లో 30 కిలోమీటర్ల వేగం దగ్గర ఇంజిన్ రెండు వేల ఆర్‌పీఎంకి అటూ ఇటూ తిరుగుతుంది. మూడో గేర్‌లో 40 దగ్గరా అంతే. ఇంకో దారి చూద్దాం. పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి అయిదో గేర్‌లో 100 మీద పోతున్నారనుకోండి. అక్కడా ఇంజిన్ మూడు వేల చుట్టూనే ఉంటుంది. ఓవర్‌టేక్ చేయడానికి ఒక గేర్ దించితే మూడున్నర, నాలుగు వేలు. ఆరు వేలు దాటే సందర్భం రోజు మొత్తంలో వెతికినా కొన్ని సెకన్లు కూడా ఉండదు. మరి ఆరు వేల మీద బలం ఇచ్చే రేసు క్యామ్‌కు పైసలు పెట్టి దిల్‌సుఖ్‌నగర్ సిగ్నల్ దగ్గర కూర్చోవడం ఎందుకు?

ఇక్కడ గాలి లెక్క ఒకటి చెబుతాను. ఇంజిన్ అసలు పని గాలి పీల్చి వదలడం. ఎస్టీమ్ ఇంజిన్ 1298 సీసీ. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ రెండు చుట్లు తిరిగితే ఒకసారి తన పొట్ట నిండా గాలి పీలుస్తుంది. కాబట్టి రెండు వేల ఆర్‌పీఎం దగ్గర ఎక్కువలో ఎక్కువ నిమిషానికి దాదాపు 1300 లీటర్ల గాలి కావాలి. ఆరు వేల దగ్గర 3900 లీటర్లు. మీరు 3900 లీటర్లకు సరిపోయే కార్బురేటర్, అంతే లావు పైపులు వేశారనుకుందాం. రెండు వేల దగ్గర అదే దారిలో మూడో వంతు గాలే పోతుంది. గాలి వేగం పడిపోతుంది. కార్బురేటర్ వెంచురీలో పెట్రోలును పైకి లాగేది గాలి వేగమే కాబట్టి, వేగం తగ్గితే పెట్రోలు సన్నని పొగమంచులా కాకుండా చుక్కలుగా పడుతుంది. యాక్సిలరేటర్ తొక్కగానే బండి ఒక క్షణం ఊపిరి ఆగినట్టు నిలబడి, తర్వాత ముందుకు దూకుతుంది. చాలామంది ఆ దూకుడును పవర్ అనుకుంటారు. అది కింద పోయిన పవర్ పైన ఆలస్యంగా రావడం.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. క్యామ్, కంప్రెషన్, పెట్రోలు. ఈ మూడింటి సంగతి తెలిస్తే మిగతావి వాటంతటవే తేలిపోతాయి. అందుకే ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

క్యామ్ షాఫ్ట్ వాల్వును ఎంత ఎత్తు లేపాలి, ఎంతసేపు తెరిచి ఉంచాలి అనేది నిర్ణయిస్తుంది. పిస్టన్ కిందికి దిగి మళ్లీ పైకి బయలుదేరాక కూడా ఇన్‌టేక్ వాల్వు కొంతసేపు తెరిచే ఉంటుంది. ఎందుకంటే లోపలికి దూసుకొస్తున్న గాలికి ఊపు ఉంటుంది, పిస్టన్ ఎదురొస్తున్నా అది ఇంకా లోపలికి వస్తూనే ఉంటుంది. కానీ ఆ ఊపు ఆర్‌పీఎం ఎక్కువున్నప్పుడే ఉంటుంది. ఎక్కువ డిగ్రీల క్యామ్ వేస్తే వాల్వు ఇంకా ఆలస్యంగా మూసుకుంటుంది. ఆరు వేల దగ్గర అది లాభం. రెండు వేల దగ్గర గాలికి ఊపు లేదు కాబట్టి, పైకొస్తున్న పిస్టన్ పీల్చిన గాలిని మళ్లీ ఇన్‌టేక్ పైపులోకే తోసేస్తుంది. అంటే సిలిండర్‌లో నిజంగా నొక్కుడు పడే గాలి తగ్గిపోతుంది. కాగితం మీద కంప్రెషన్ నిష్పత్తి 9 అని ఉన్నా, ఇంజిన్ అనుభవించే కంప్రెషన్ అంతకంటే బాగా తక్కువ. అందుకే పెద్ద క్యామ్ వేస్తే కంప్రెషన్ కూడా పెంచాలి. ఒకటి మార్చి రెండోది వదిలేస్తే బండి కంపెనీ నుంచి వచ్చినప్పటికంటే నీరసంగా తయారవుతుంది. ఈ ఒక్క పొరపాటు వల్ల మన ఊళ్లో ఎన్ని మంచి ఇంజిన్లు పాడై తుక్కు సామాను కిందికి పోయాయో తలుచుకుంటే బాధేస్తుంది.

పెద్ద క్యామ్‌తో ఇంకో చిక్కు ఉంది. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ ఒకేసారి తెరిచి ఉండే సమయం పెరుగుతుంది. దానివల్ల ఐడ్లింగ్‌లో మానిఫోల్డ్ వాక్యూమ్ పడిపోతుంది. చాలా కార్లలో బ్రేక్ బూస్టర్ పని చేసేది ఆ వాక్యూమ్ మీదే. సిగ్నల్ దగ్గర ఇంజిన్ గడగడలాడుతుంటే వినసొంపుగా ఉందని మురిసిపోతారు. అదే బండి ట్రాఫిక్‌లో నెమ్మదిగా పోతూ రెండుసార్లు బ్రేక్ తొక్కితే మూడోసారి పెడల్ రాయిలా గట్టిగా తగులుతుంది. రోజూ పిల్లల్ని స్కూలు దగ్గర దింపే కారుకు అలాంటి క్యామ్ వేయకండి. రోడ్డు కారుకు కంపెనీ క్యామ్ కంటే కొంచెం ఎక్కువ లిఫ్ట్, ఒక పది పన్నెండు డిగ్రీలు ఎక్కువ డ్యూరేషన్, అంతకు మించి వద్దని నా గట్టి అభిప్రాయం. అదైనా కొత్త వాల్వు స్ప్రింగులతోనే వేయాలి. లిఫ్ట్ పెరిగినప్పుడు పాత స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి ఆనుకుంటే క్యామ్ లోబ్ అరిగిపోతుంది, ఒక్కోసారి రాకర్ విరుగుతుంది. వాల్వు పిస్టన్‌కు తగులుతుందా అనేది కూడా చూసుకోవాలి. పిస్టన్ మీద చిన్న బంకమట్టి ముద్ద పెట్టి, హెడ్ బిగించి, ఇంజిన్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి, విప్పి, ఆ మట్టిని బ్లేడుతో కోసి మందం కొలుస్తారు. ఇన్‌టేక్ వైపు 2 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ వైపు రెండున్నర ఉంటే నిశ్చింత. పది రూపాయల మట్టితో అయ్యే పరీక్ష ఇది. దీన్ని దాటవేసే ఉస్తాద్ ఎంత పేరున్నవాడైనా, ఆ పని మీరే దగ్గరుండి చేయించండి.

కంప్రెషన్ లెక్క వేసుకోవడానికి పదో తరగతి లెక్కలు చాలు. మారుతి 800లో మూడు సిలిండర్లు, మొత్తం 796 సీసీ, అంటే ఒక్కో సిలిండర్ 265 సీసీ. కంప్రెషన్ 9 కావాలంటే పిస్టన్ పైకొచ్చాక మిగిలే ఖాళీ 33 సీసీ ఉండాలి. హెడ్ ఫేసింగ్‌లో ఆ ఖాళీ 3 సీసీ తగ్గిందనుకోండి, కంప్రెషన్ 9.8కి చేరుతుంది. ఆ 3 సీసీ పోవడానికి హెడ్ మీద సుమారు ఒక మిల్లీమీటరు కోస్తే చాలు. అంటే లేత్ దగ్గర "ఇంకొంచెం తియ్యి భాయ్" అన్న ఒక్క మాటతో ఇంజిన్ స్వభావమే మారిపోతుంది. కాబట్టి కోతకు ముందూ తర్వాతా కొలవండి. హెడ్ తిరగేసి, వాల్వులు, ప్లగ్గు బిగించి, పైన ఒక అద్దంలాంటి ప్లాస్టిక్ పలకకు కొంచెం గ్రీజు రాసి పెట్టి, దానికున్న చిన్న రంధ్రంలోంచి సిరంజితో కిరోసిన్ నింపండి. ఎన్ని సీసీలు పట్టిందో అదే చాంబర్ కొలత. అన్ని చాంబర్లూ అర సీసీ తేడాలో ఉండాలి. ఒకదానిలో ఎక్కువ, ఒకదానిలో తక్కువ ఉంటే ఐడ్లింగ్ ఎప్పటికీ కుదరదు. ఇంకో సంగతి. ఈ ఇంజిన్లలో క్యామ్ హెడ్ మీదే ఉంటుంది, టైమింగ్ బెల్టుతో తిరుగుతుంది. హెడ్ కోసినప్పుడు క్యామ్ క్రాంక్‌కు దగ్గరవుతుంది, దాంతో వాల్వు టైమింగ్ కాస్త వెనక్కి పోతుంది. ఎక్కువ కోసినచోట క్యామ్ పుల్లీని సర్దుకునే ఏర్పాటు లేకపోతే మీరు సంపాదించిన లాభంలో కొంత అక్కడే పోతుంది.

ఇక పెట్రోలు. కంప్రెషన్ ఎంతదాకా పెంచవచ్చు అనేది బంకులో దొరికే ఆక్టేన్ నిర్ణయిస్తుంది. మన మామూలు పెట్రోలు చాలాకాలం 91 ఆక్టేన్ కొలతతోనే వచ్చింది. 95, 100 నంబర్ల పెట్రోలు కొన్ని బంకుల్లోనే దొరుకుతుంది, ధర ఎక్కువ. హైదరాబాద్‌లో దొరికిన 100 ఆక్టేన్ పెట్రోలుకు ట్యూన్ చేసిన బండి, సూర్యాపేట దగ్గర రాత్రి పూట మామూలు బంకులో పోయించుకోవాల్సి వస్తే ఇంజిన్ లోపల టకటకమని కొట్టే నాకింగ్ మొదలవుతుంది. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. దానివల్ల నాకింగ్‌ను తట్టుకునే గుణం పెరుగుతుంది, అది మంచిదే. కానీ ఇథనాల్‌కు గాలి తక్కువ కావాలి. స్వచ్ఛమైన పెట్రోలుకు ఒక పాలు ఇంధనానికి 14.7 పాళ్ల గాలి అయితే, ఈ మిశ్రమానికి పదమూడున్నర చాలు. పాత జెట్టుతో నడిచే కార్బురేటర్ బండికి ఇంధనం ఏడెనిమిది శాతం తక్కువ పడుతున్నట్టే. అంటే మెయిన్ జెట్టు రంధ్రం వ్యాసం నాలుగు శాతం దాకా పెంచాలి. పాత రబ్బరు పైపులు, కార్బురేటర్ లోపలి సీళ్లు కూడా ఇథనాల్‌కు ఉబ్బుతాయి. ఇంజిన్ విప్పినప్పుడే అవన్నీ మార్చేయండి.

ఈ సందర్భంలోనే మన ఊరికి ప్రత్యేకమైన ఒక విషయం చెప్పాలి. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది. విజయవాడ దాదాపు సముద్రమట్టం దగ్గరే. గాలి ఒత్తిడిలో అయిదారు శాతం తేడా. ఒకే ఇంజిన్ ఇక్కడ కంటే అక్కడ అంత ఎక్కువ గాలి పీలుస్తుంది, పవర్ అంత ఎక్కువ ఇస్తుంది. వినడానికి బాగుంది. కానీ మన్సూరాబాద్‌లో నాకింగ్ అంచుదాకా తీసుకెళ్లి ఆపిన ఇంజిన్ ఆ అంచు దాటిపోయేది కూడా విజయవాడ వైపే. చౌటుప్పల్, నార్కట్‌పల్లి, కోదాడ దాటి కిందికి దిగేకొద్దీ సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది, కార్బురేటర్ మిశ్రమం పలచబడుతుంది, దానికి తోడు మే నెల ఎండ. పైగా ఏసీ, నలుగురు మనుషులు, లగేజీ. ఇంట్లో వినిపించని టకటక శబ్దం నందిగామ దగ్గర వినిపిస్తుంది. అది పిస్టన్ నెత్తిన సుత్తి దెబ్బ లాంటిది, వదిలేస్తే పిస్టన్‌కు చిల్లు పడుతుంది. అందుకే ఈ హైవే మీద తిరిగే కారుకు ఇగ్నిషన్ టైమింగ్ ఇక్కడ ఎంత ఒప్పుకుంటుందో దానికంటే రెండు డిగ్రీలు వెనక్కే పెట్టమని చెబుతాను. పాత డిస్ట్రిబ్యూటర్ బండి అయితే ఇది మరీ ముఖ్యం. అలాంటి చాలా కార్లలో నాక్ సెన్సర్ ఉండదు, వినాల్సింది మీ చెవే.

జత కుదర్చడం అంటే ఏమిటో పెద్ద కంపెనీలు చేసిన పని చూస్తే తెలుస్తుంది. మొదట్లో వచ్చిన ఎస్టీమ్ కార్బురేటర్‌తో సుమారు 65 హార్స్‌పవర్ ఇచ్చేది. తర్వాత అదే 1298 సీసీ ఇంజిన్ 85 ఇచ్చింది. బోరు పెంచలేదు, స్ట్రోక్ పెంచలేదు. 8 వాల్వుల హెడ్ స్థానంలో 16 వాల్వుల హెడ్, కార్బురేటర్ స్థానంలో ఎంపీఎఫ్ఐ అనే ఇంజెక్షన్ పద్ధతి, దానికి తగిన కంప్యూటర్. ఇరవై హార్స్‌పవర్ గాలి దారిలోనూ, పెట్రోలు కొలతలోనూ దొరికింది. మన దగ్గర చాలామంది మొదట అడిగేది బోరు గురించే. 800 ఇంజిన్‌ను అర మిల్లీమీటరు ఓవర్‌సైజ్ బోరు చేస్తే పెరిగేది 12 సీసీ కూడా కాదు. అరిగిన సిలిండర్‌ను గుండ్రంగా చేయడానికి బోరింగ్ కావాలి, పవర్ కోసం కాదు.

ఇంగ్లండులో 1961లో వచ్చిన మినీ కూపర్ కథ ఇంకా గొప్పది. జాన్ కూపర్ రేసు కార్లు తయారు చేసేవాడు. 34 హార్స్‌పవర్ ఉన్న 848 సీసీ మినీని ఆయన తీసుకుని 997 సీసీ, 55 హార్స్‌పవర్ చేయించాడు. స్ట్రోక్ పెంచారు, రెండు కార్బురేటర్లు పెట్టారు, గేర్లు దగ్గరదగ్గరగా ఉండే గేర్‌బాక్స్ ఇచ్చారు. వీటన్నిటితో పాటే ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు వేశారు. పవర్ పెంచినవాడే దాన్ని ఆపే ఏర్పాటు కూడా చేశాడు. మన అంబాసిడర్‌లో ఏళ్ల తరబడి తిరిగిన 1489 సీసీ ఇంజిన్ కూడా మినీని తయారు చేసిన బీఎంసీ కంపెనీ నుంచి వచ్చినదే, మినీ ఇంజిన్‌కు పెద్దన్న వరస అనుకోండి.

ఇక మన తెలుగు నేల మీద తయారవుతున్న కారును చూడండి. పెనుకొండ దగ్గర కియా కర్మాగారం ఉంది. అక్కడ 2020 నుంచి తయారవుతున్న సోనెట్‌లో ఒక రకానికి 998 సీసీ టర్బో ఇంజిన్ ఉంది. దానికీ మారుతి 800 లాగే మూడు సిలిండర్లే. పవర్ 120 పీఎస్. నాకు ఆ అంకె కంటే ఇంకో అంకె ముఖ్యం. దాని పూర్తి టార్క్ 172 న్యూటన్ మీటర్లు 1500 ఆర్‌పీఎం నుంచి 4000 దాకా ఒకే తీరుగా ఉంటుంది. ఎల్.బి. నగర్ నుంచి మలక్‌పేట దాకా మనం చూసిన ఆర్‌పీఎం సరిగ్గా అదే. ఆ ఇంజినీర్లు మొదట రోడ్డును చూసి, తర్వాత టర్బో సైజు, పిస్టన్లు, ఇంజెక్షన్, ఇంటర్‌కూలర్ అన్నీ ఆ రోడ్డుకు కుదిర్చారు. పాత 800కు బయట నుంచి ఒక టర్బో తెచ్చి బిగిస్తే అది రాదు. 9 కంప్రెషన్ ఉన్న పాత పిస్టన్ల మీద బూస్ట్ ఎక్కిస్తే పోయేది మొదట హెడ్ గ్యాస్కెట్, తర్వాత పిస్టన్ రింగుల మధ్య కట్టలు. టర్బో వేసే పని మొదలుపెడితే అది వేరే ఇంజిన్ కట్టే పని, వేరే ఖర్చు.

మిగతావి త్వరగా చెబుతాను. బానెట్ కింద కోన్ ఆకారం ఎయిర్ ఫిల్టర్ పెట్టుకోవడం ఇప్పుడు బాగా ఎక్కువైంది. రేడియేటర్ వెనుక వేడి గాలి పీల్చేలా పెడితే నష్టమే. బయట 30 డిగ్రీలు, బానెట్ కింద 60 డిగ్రీలు అయితే గాలి సాంద్రత తొమ్మిది శాతం తక్కువ. కంపెనీ ఇచ్చిన ప్లాస్టిక్ పెట్టె బయటి చల్లగాలి పీల్చేలా డిజైన్ చేసినది, దాన్ని అలాగే ఉంచి లోపల మంచి ఫిల్టర్ వేసుకోండి. ఎగ్జాస్ట్ విషయానికొస్తే, మానిఫోల్డ్ నుంచి నాలుగు పైపులు రెండై, రెండు ఒకటయ్యే రకం మధ్య ఆర్‌పీఎంకు మంచిది, రోడ్డు కారుకు అదే వేయండి. నాలుగూ నేరుగా ఒకటిలో కలిసే రకం పై ఆర్‌పీఎం కోసం. పైపు లావు పెరిగితే మంచిదని అనుకోకండి, వేడి వాయువు వేగం తగ్గితే సిలిండర్ ఖాళీ అవడం కూడా తగ్గుతుంది. సైలెన్సర్ మాత్రం ఉండాల్సిందే. రాత్రి పదకొండు తర్వాత కాలనీ రోడ్డులో సైలెన్సర్ కోసేసిన కారు పోతుంటే ఇళ్లలో పసిపిల్లలు ఉలిక్కిపడి లేస్తున్నారు, గుండె జబ్బున్న పెద్దవాళ్లు లేచి కూర్చుంటున్నారు. ఆ చప్పుడుకూ పవర్‌కూ సంబంధం లేదు. బాగా కట్టిన ఇంజిన్ నిశ్శబ్దంగానే లాగుతుంది.

ఎంపీఎఫ్ఐ బండికి ఇంజెక్టర్ల లెక్క కూడా చూడాలి. నాలుగు సిలిండర్ల ఇంజిన్ నుంచి వంద హార్స్‌పవర్ కావాలంటే ఒక్కో ఇంజెక్టర్ నిమిషానికి దాదాపు 150 సీసీ పెట్రోలు ఇవ్వగలిగేది కావాలి. అలా లెక్కేస్తే ఇంజెక్టర్ ఎప్పుడూ తన సత్తాలో 85 శాతం దాటకుండా పని చేస్తుంది. క్యామ్ మారిస్తే కంప్యూటర్‌లోని లెక్క కూడా మార్పించాలి. వైడ్‌బ్యాండ్ లాంబ్డా మీటరు (గాలి, పెట్రోలు పాళ్లు కొలిచేది) లేకుండా, చెవితోనూ ప్లగ్గు రంగుతోనూ మాత్రమే ఇంజెక్షన్ బండి ట్యూన్ చేస్తామనేవాళ్ల దగ్గరకు వెళ్లకండి. క్లచ్ ప్లేటు, రేడియేటర్, బ్రేక్ ప్యాడ్లు, టైర్లు ఇంజిన్ బడ్జెట్‌లోనే లెక్క వేసుకోవాలి, తర్వాత చూద్దాం అనుకోకూడదు.

చట్టం గురించి కూడా స్పష్టంగా ఉండాలి. 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో రాసిన వివరాలకు, కంపెనీ మొదట చెప్పిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే విషయాన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణతో, అనుమతి లేని మార్పు ఒక్కోదానికి అయిదు వేల రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. ఇంజిన్ మొత్తం మార్చాలంటే ముందే రవాణా శాఖ అనుమతి తీసుకుని, ఆర్‌సీలో ఇంజిన్ నంబర్ మార్పించాలి. ఎస్టీమ్ ఇంజిన్‌ను జెన్‌లో కూర్చోబెడితే సీసీ మారుతుంది, అది చిన్న విషయం కాదు. ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీ మొదట చూసేది ఇదే. పొల్యూషన్ పరీక్షలో పాస్ కాని ఇంజిన్ ఎంత పవర్ ఇచ్చినా దాన్ని రోడ్డు ఇంజిన్ అనలేం. ఆరు వేల ఆర్‌పీఎం మీద ఆడుకోవాలనుకునేవాళ్లకు చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో రేస్ ట్రాక్ ఉంది. ఒకప్పుడు ఫార్ములా మారుతి అని మారుతి 800 ఇంజిన్‌తోనే చిన్న రేసు కార్లు నడిచేవి. అక్కడ పెద్ద క్యామ్‌కు చోటుంది, అక్కడి రోడ్డు మీద సిగ్నల్ ఉండదు, ఎదురుగా ఆటో రాదు.

చేతిలో డబ్బు తక్కువ ఉందనుకోండి, ఎక్కడ పెట్టాలి? నా సలహా ఒకటే. పార్ట్ల దుకాణం కంటే ముందు మెషీన్ షాపులో పెట్టండి. పుత్లీబౌలిలోనో, రాణిగంజ్‌లోనో మంచి కంపెనీ పిస్టన్లు, రింగులు, బేరింగులు దొరుకుతాయి. కానీ వాటిని కూర్చోబెట్టే సిలిండర్ నిజంగా గుండ్రంగా ఉందా, క్రాంక్ వంకర లేదా, హోనింగ్ గీతలు సరైన వాలులో ఉన్నాయా అన్నదాని మీదే వాటి ఆయుష్షు ఉంటుంది. పిస్టన్లు కొనేముందు బోరింగ్ చేయించకండి. పిస్టన్లు మొదట తెచ్చి, ఒక్కోదాన్ని మైక్రోమీటర్‌తో కొలిచి, ఆ కొలతకు తగినట్టు ఒక్కో సిలిండర్‌ను పూర్తి చేయించాలి. రింగులను సిలిండర్‌లో పెట్టి ఫీలర్ గేజ్‌తో గ్యాప్ చూడాలి. బేరింగ్ క్లియరెన్స్‌కు ప్లాస్టిగేజ్ దారం వాడాలి. పిస్టన్లను, కనెక్టింగ్ రాడ్లను తూకం వేసి ఒక గ్రాము రెండు గ్రాముల తేడాలోకి తేవాలి. వాల్వు సీటింగ్ మూడు కోణాల్లో కోయించడం, హెడ్ పోర్టుల్లో కాస్టింగ్ గరుకులు తీయించడం, గ్యాస్కెట్ అంచుకు పోర్టు అంచు సరిగ్గా కలిసేలా చూడటం, వీటిలో ఏదీ బయటికి కనబడదు. వీటికి స్టిక్కర్లు ఉండవు. కానీ కంపెనీ క్యామ్‌తోనే, కంపెనీ కార్బురేటర్‌తోనే, శ్రద్ధగా కట్టిన ఇంజిన్ కింది గేర్లలో ఎంత హాయిగా లాగుతుందో ఒకసారి నడిపితే తెలుస్తుంది. నిర్లక్ష్యంగా కట్టి, ఖరీదైన పార్ట్లు తగిలించిన ఇంజిన్ దాని దరిదాపుల్లోకి రాదు.

ఇంజిన్ దింపేముందే పాత స్థితిలో ప్రతి సిలిండర్ కంప్రెషన్ గేజ్‌తో కొలిచి ఒక నోట్‌బుక్కులో రాసుకోండి. చాంబర్ కొలతలు, రింగు గ్యాప్‌లు, జెట్టు నంబర్లు, టైమింగ్ డిగ్రీలు కూడా అందులోనే. ఇంజిన్ కట్టాక మొదటి వెయ్యి కిలోమీటర్లు ఒకే వేగంతో నడపకండి, అలాగని ఊరికే నెమ్మదిగానూ నడపకండి. హయత్‌నగర్ నుంచి చౌటుప్పల్ దాకా వెళ్లి రండి. మూడో గేర్‌లో సగం యాక్సిలరేటర్‌తో వేగం పెంచి, కాలు తీసి ఇంజిన్ మీదే వేగం తగ్గనివ్వండి. రింగులు సిలిండర్ గోడకు కుదురుకునేది ఆ ఒత్తిడిలోనే. మొదటి ఆయిల్ మూడు వందల కిలోమీటర్లకే తీసేసి, ఫిల్టర్ కోసి లోపల లోహపు రజను ఉందేమో చూడండి. వెయ్యి దాటాక వాల్వు క్లియరెన్స్ సరిచేసి, ఇంజిన్ వేడిగా ఉండగానే యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి కంప్రెషన్ మళ్లీ కొలవండి. సిలిండర్ల మధ్య తేడా పది శాతం లోపు ఉండాలి. ఆ అంకెల్ని పాత అంకెల పక్కనే తేదీ వేసి రాయండి, నోట్‌బుక్కు కారు కాగితాలతో పాటే ఉంచండి.